పదిహేను ఆంప్స్ సాకెట్టా, వాల్‌బాక్సా? కారుకి ఇంట్లో ఏది మేలు?

ఎలక్ట్రిక్ కారు బుక్ చేసిన రోజు షోరూమ్ అబ్బాయి రంగు సంగతి తేలగానే ఛార్జర్ సంగతి ఎత్తాడు. "7.2 కిలోవాట్ల వాల్‌బాక్స్ పెట్టించేసుకోండి సార్, ఫాస్ట్‌గా ఎక్కుతుంది" అన్నాడు. మా ఇంటికి శాంక్షన్ లోడ్ (కరెంటు వాళ్ళు మన మీటరుకి అనుమతించిన లోడ్) ఎంతుందో, మీటరు నుంచి పార్కింగ్ ఎంత దూరమో, రోజూ ఎంత తిరుగుతానో మాత్రం అడగలేదు. ఏది మేలో తేల్చేవి ఆ మూడే.

గోడకి బిగించే పెట్టెని, అంటే వాల్‌బాక్స్‌ని, అందరం ఛార్జర్ అంటాం గానీ, అసలు ఛార్జర్ కారు లోపలే ఉంటుంది. ఇంటి ఏసీ కరెంటుని బ్యాటరీకి పట్టే డీసీగా మార్చేది అదే. గోడ మీది పెట్టె ఎన్ని ఆంప్స్ లాగొచ్చో కారుకి చెబుతుంది, తేడా వస్తే ఆపేస్తుంది, అంతే. కారులోది 3.3 కిలోవాట్లదైతే గోడ మీద ఎంత పెద్ద పెట్టె పెట్టినా అంతకు మించి ఎక్కదు. ఎంజీ కామెట్ మొదట వచ్చినప్పుడు అలాగే వచ్చింది. నెక్సాన్ లాంటి వాటిలో 7.2 ఉంటుంది.

ఇక్కడే ఇంకో తమాషా. "మనది త్రీ ఫేజ్ కదా, 11 కిలోవాట్లది కొనేద్దాం" అనుకునేవాళ్ళున్నారు. ఆ పెట్టె మామూలుగా ఒక్కో ఫేజ్‌కి 16 ఆంప్స్ ఇస్తుంది. సింగిల్ ఫేజ్ ఛార్జర్ ఉన్న కారు దానికి తగిలిస్తే ఒక్క ఫేజే వాడుకుంటుంది, అంటే మూడున్నర కిలోవాట్లు. ఎక్కువ డబ్బు పోసి, 7.2 కంటే నిదానమైనది కొన్నట్టు! మహీంద్రా బీఈ 6 లాగా కారే 11 తీసుకోగలిగితే తప్ప దాని జోలికి పోనక్కర్లేదు.

ఇక మిగిలింది కారుతో వచ్చే, 15 ఆంప్స్ సాకెట్‌కి తగిలించే పోర్టబుల్ ఛార్జరా, 7.2 వాల్‌బాక్సా అన్నదే.

వేగం లెక్క చూద్దాం. 45 యూనిట్ల బ్యాటరీ దాదాపు ఖాళీ నుంచి నిండాలంటే 15 ఆంప్స్ సాకెట్ మీద పదిహేను గంటల పైమాటే. వాల్‌బాక్స్ మీద ఆరేడు గంటలు. కాగితం మీద చూస్తే ఇక ఆలోచించేదేముంది అనిపిస్తుంది. కానీ రోజూ బ్యాటరీ ఖాళీ చేసుకుని ఇంటికొచ్చేది ఎవరు? నేను ఆఫీసుకి వెళ్ళిరావడం 45 కిలోమీటర్లు. యూనిట్‌కి ఆరేడు కిలోమీటర్లు వేసుకున్నా ఏడు యూనిట్లు. పోర్టబుల్‌తో రెండున్నర గంటల పని. అన్నం తిని పడుకునేటప్పుడు తగిలిస్తే నేను మొదటి నిద్రలో ఉండగానే అయిపోతుంది. మిగతా రాత్రంతా కారు ఊరికే నిలబడి ఉంటుంది.

అందుకే నేను సాకెట్ వైపే మొగ్గాను. అయితే గోడకున్న ఏదో ఒక సాకెట్ కాదు. ఆ తప్పు మొదటి వారంలోనే చేశాను. సెల్లార్లో వాచ్‌మన్ గది పక్కన పాత పవర్ ప్లగ్ ఉంటే, అసోసియేషన్ వాళ్ళని అడిగి నాలుగు రోజులు వాడాను. ఐదో రోజు పొద్దున్నే ప్లగ్ పీకితే పిన్ను చుట్టూ గోధుమ రంగు వలయం, కాలిన ప్లాస్టిక్ వాసన. మన ఇళ్ళలో ఆ సాకెట్లు గీజరు పావుగంట నడవడానికి అలవాటుపడ్డవి. పదమూడు పద్నాలుగు ఆంప్స్ గంటల తరబడి లాగితే లోపలి పట్టు వదులైన చోట వేడెక్కుతుంది. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలు. వాల్‌బాక్స్‌కి 32 ఆంప్స్ కాబట్టి అక్కడ నాసిరకం వైరు ఇంకా ప్రమాదం.

చివరికి వేయించింది ఇదీ: మా మీటరు నుంచి విడిగా ఫోర్ స్క్వేర్ (4 చదరపు మిల్లీమీటర్ల) కాపర్ వైరు, 20 ఆంప్స్ ఎంసీబీ (కరెంటు మితిమీరితే ఆపేసే బ్రేకరు), 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసేది), ఫ్యాక్టరీల్లో కనిపించే నీలం రంగు ఇండస్ట్రియల్ సాకెట్. పోర్టబుల్‌కి దానికి సరిపడే ప్లగ్ టాప్ మార్పించాను. అపార్ట్‌మెంట్లో ఒక సుఖం ఏంటంటే, ఫ్లాట్ నాలుగో అంతస్తులో ఉన్నా మీటర్ల బోర్డు సెల్లార్లోనే ఉంటుంది. నాకు 28 మీటర్ల వైరు సరిపోయింది. సాకెట్‌ని ఛాతీ ఎత్తులో పెట్టించాను. హైదరాబాద్ సెల్లార్లలో వానాకాలం నీళ్ళెలా నిలుస్తాయో చూసినవాళ్ళకి ఎందుకో చెప్పక్కర్లేదు.

వాల్‌బాక్స్ అయితే సిక్స్ స్క్వేర్, దూరం ఎక్కువైతే టెన్ స్క్వేర్ వైరు కావాలి. బ్రేకరు 40 ఆంప్స్‌ది. కారు కంపెనీ ఉచితంగా బిగిస్తామన్నా వైరు కొన్ని మీటర్ల వరకే, ఆపైన మీటరుకింత అని వసూలు చేస్తారు. అంతకంటే పెద్ద చిక్కు లోడ్. చాలా ఫ్లాట్లకి శాంక్షన్ లోడ్ మూడు, నాలుగు కిలోవాట్లే. కారొక్కటే ఏడు లాగుతుంటే, పైన ఒక ఏసీ, ఒక గీజరు వేస్తే మెయిన్ పడిపోవడం ఖాయం. అడిషనల్ లోడ్‌కి డిస్కంలో దరఖాస్తు పెట్టుకోవాలి, డబ్బు కట్టాలి, 5 కిలోవాట్లు దాటితే సాధారణంగా త్రీ ఫేజ్‌కి మారమంటారు. పోర్టబుల్‌కి కూడా లోడ్ సరిచూసుకోవాల్సిందే గానీ, రాత్రి పదకొండు తర్వాత తగిలిస్తే మా 5 కిలోవాట్లలోనే సర్దుకుపోతోంది.

బిల్లు విషయంలో రెండిటికీ పెద్ద తేడా లేదు. నిదానంగా ఎక్కినా వేగంగా ఎక్కినా యూనిట్లు దాదాపు అవే. మెల్లగా ఎక్కేటప్పుడు కారు ఎలక్ట్రానిక్స్ ఎక్కువసేపు మేలుకుని ఉంటాయి కాబట్టి కాస్త వృథా, అంతే. చూసుకోవాల్సింది స్లాబు. నెలకి రెండు వందల యూనిట్లు కారు వల్ల కలిస్తే ఇంటి వాడకం పై స్లాబులోకి ఎగబాకుతుంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఎలక్ట్రిక్ వాహనాల ఛార్జింగ్‌కి వేరే టారిఫ్ కేటగిరీ ఉంది. ఎక్కువ తిరిగేవాళ్ళు వేరే మీటరు పెట్టుకుంటే లాభమో కాదో ఫిక్స్‌డ్ ఛార్జీలతో కలిపి లెక్కేసుకోండి.

పోర్టబుల్‌కి ఉన్న ఇంకో గుణం, డిక్కీలో వేసుకుని ఊరెళ్ళొచ్చు. సంక్రాంతికి నరసరావుపేట వెళ్ళి అత్తగారింట్లో తగిలిస్తే ఎర్రలైటు. "ఎర్తింగ్ లేదు బావా" అని మా బావమరిది వీధి చివరి ఎలక్ట్రీషియన్‌ని పిలుచుకొచ్చాడు. ఆయన బల్బు హోల్డరు తీసుకుని ఒక వైరు ఫేజ్‌లో, ఇంకోటి ఎర్త్‌లో పెట్టాడు. బల్బు మిణుగురు పురుగులా వెలిగింది. పెరట్లోకి వెళ్ళి జామచెట్టు కింద ఎండిపోయిన ఎర్త్ గుంత చూసి, "దీనికి నీళ్ళు పోసి ఎన్నాళ్ళయిందమ్మా" అని మా అత్తగారిని అడిగాడు. రెండు బిందెలు పోసి పావుగంట ఆగాం. పచ్చలైటు వచ్చింది. అది ఆ పూటకే. తర్వాత బొగ్గూ ఉప్పూ వేసి కొత్త గుంత తీయించాం.

ఆ బావమరిదికి మాత్రం నేను వాల్‌బాక్సే పెట్టించుకోమన్నాను. సొంతిల్లు, త్రీ ఫేజ్, మీటరు పక్కనే కారు. వ్యాపారం పనిమీద రోజూ నూట యాభై, రెండు వందల కిలోమీటర్లు తిరుగుతాడు. రాత్రి పదకొండింటికొచ్చి తెల్లవారి ఐదింటికి మళ్ళీ బయల్దేరేవాడికి పోర్టబుల్ చాలదు. ఒక్కటే చెప్పాను: ఆంప్స్ తగ్గించుకునే సెట్టింగ్ ఉన్నదే చూడు అని. ఎండాకాలం రాత్రుళ్ళు వోల్టేజీ పడిపోయినప్పుడు 32 నుంచి 16కి దించుకుంటాడు. ఇంట్లో రెండు కార్లున్నా, క్యాబ్ తిప్పుతున్నా నా జవాబు వాల్‌బాక్సే.

మీరు ఏది పెట్టించినా మొదటి రోజు ఛార్జింగ్ మొదలైన గంటకి వెళ్ళి ప్లగ్‌నీ, వైరునీ, ఎంసీబీనీ చేతి వెనక వైపుతో తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు. చెయ్యి వెనక్కి లాక్కోవాల్సి వస్తే అక్కడితో ఆపి ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేయండి.