మైసూర్ శాండల్ సబ్బు: వడియార్ల నాటి గంధం

మొదటి ప్రపంచయుద్ధంతో యూరప్‌కు గంధపుచెక్క ఎగుమతి ఆగి, మైసూరు సంస్థానంలో నిల్వలు పేరుకుపోయాయి. మహారాజు నాల్వడి కృష్ణరాజ వడియార్, దివాన్ విశ్వేశ్వరయ్య 1916లో ఇక్కడే నూనె తీయించడం మొదలుపెట్టారు. ఈ సబ్బు ఆ నూనె నుంచి పుట్టిందే. ఇప్పటికీ అసలు గంధపు నూనే దీని ప్రాణం.

టీఎఫ్ఎం (సబ్బులోని మొత్తం కొవ్వు పదార్థం) 80 శాతం, అంటే మేలురకమైన గ్రేడ్ 1. కొనేముందు ఏనుగు తల, సింహం ఒళ్లు ఉన్న శరభ ముద్ర చూసుకోండి. బోరునీళ్లలో నురగ తక్కువే: నీటిలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బును తెట్టుగా మార్చేస్తాయి. నీళ్లు నిలిచే పెట్టెలో పెడితే అడుగు మెత్తబడి వృథాగా కరిగిపోతుంది, చిల్లుల పెట్టె తప్పనిసరి. విప్పని సబ్బును బీరువాలో చీరల మధ్య దాచండి, బట్టలకూ గంధం పడుతుంది. పెట్టిన డబ్బుకు ఈ వాసన నిజంగా ఎక్కువే.