పీజో స్టాక్ కావాలా, బెండర్ కావాలా?

వోల్టేజీ ఇస్తే ఆకారం మారి కదలికనిచ్చే పీజో భాగాలివి. రెండిటిలోనూ ఉండేది ఒకే రకం పీజెడ్‌టీ (లెడ్ జిర్కోనేట్ టైటనేట్) పింగాణీ. తేడా అంతా పేర్పులోనే.

స్టాక్‌లో పలుచని పొరలు ఒకదానిపై ఒకటి ఉంటాయి. 5×5×18 మి.మీ. స్టాక్‌కు 100 వోల్టులిస్తే సుమారు 15 మైక్రాన్లే సాగుతుంది, కానీ తోపుడు బలం 900 న్యూటన్ల దాకా ఉంటుంది. బెండర్‌లో ఒక పొర సాగితే రెండోది కుంచించుకుంటుంది. 45 మి.మీ. పట్టీ కొన అటూ ఇటూ మిల్లీమీటరు దాకా వంగుతుంది, బలం మాత్రం అర న్యూటనే. గరిష్ఠ బలం, గరిష్ఠ కదలిక ఒకేసారి రావని మరవకండి. అందుకే బలం కావాల్సిన డీజిల్ ఇంజెక్టర్లో స్టాక్, కదలిక కావాల్సిన బ్రెయిలీ డిస్‌ప్లేలో బెండర్.

స్టాక్ నొక్కుడును తట్టుకుంటుంది, లాగుడును తట్టుకోదు. స్ప్రింగుతో ముందే 15 మెగాపాస్కల్ నొక్కుడు పెట్టాలి. పై కొలతకు అది 375 న్యూటన్లు. బరువు పక్కకు వాలితే పొరలు విడిపోతాయి కాబట్టి కొనకు గుండ్రటి టోపీ అతికించడం మంచిది. డ్రైవర్ (వోల్టేజీ, కరెంటు అందించే పరికరం) ఎంపికలోనే చాలామంది తప్పుతారు: 1.5 మైక్రోఫారడ్ స్టాక్‌ను 0–100 వోల్టుల సైన్ తరంగంతో 100 హెర్ట్జ్‌లో నడపాలంటే గరిష్ఠ కరెంటు సుమారు 47 మిల్లీఆంపియర్లు కావాలి. అది లేకపోతే తరంగం కత్తిరించినట్టవుతుంది. టంకం పెట్టేముందు రెండు తీగలనూ కలిపి ఉంచండి. వేడికే వోల్టేజీ పుడుతుంది.

ఇక బెండర్. ఒక్కసారిగా వోల్టేజీ ఇస్తే కొన ఊగుతూ ఉంటుంది, మెల్లగా పెంచాలి.

హిస్టెరిసిస్ (ఒకే వోల్టేజీకి, పెంచేటప్పుడూ తగ్గించేటప్పుడూ స్థానంలో వచ్చే తేడా) రెండిటికీ 10–15 శాతం. కచ్చితమైన స్థానం కావాలంటే స్ట్రెయిన్ గేజ్ (సాగుదలను కొలిచే సెన్సర్) లాంటిదేదో ఒకటి పెట్టి సరిదిద్దుకోవడం మంచిది.