నైట్రస్ పెట్టాలంటే: వెట్ కిట్టా, డ్రై కిట్టా?

కారు ఇంజన్‌కి అదనపు పవర్ కోసం ఎక్కించే నైట్రస్ ఆక్సైడ్ వాయువు దానంతటది మండదు. ఇంజన్ సిలిండర్‌లో వేడికి విడిపోయి ఆక్సిజన్ వదులుతుంది. దాని బరువులో 36 శాతం ఆక్సిజనే, మామూలు గాలిలో అయితే 23. ఆ అదనపు ఆక్సిజన్‌కి సరిపడా పెట్రోలు అందితే పవర్ వస్తుంది, అందకపోతే పిస్టన్ కరుగుతుంది. ఆ పెట్రోలు ఎటునుంచి వస్తుందన్న దగ్గరే వెట్, డ్రై వేరవుతాయి.

వెట్ కిట్‌లో రెండు సోలినాయిడ్లు (కరెంటుతో తెరుచుకునే వాల్వులు): ఒకటి నైట్రస్‌కి, ఒకటి పెట్రోలుకి. ఫ్యూయల్ రైల్ (ఇంజన్‌కి పెట్రోలు పంచే గొట్టం) నుంచి ఒక లైను లాగుతారు. రెండూ ఒకే నాజిల్‌లో కలిసి ఇన్‌టేక్‌లోకి, అంటే ఇంజన్‌లోకి గాలి వెళ్లే దారిలోకి వెళ్తాయి. ఎంత పవర్ కావాలో చూసుకుని ఆ జత జెట్లు (ఎంత పారాలో తేల్చే సన్న రంధ్రాల ముక్కలు) మార్చుకోవడమే. డ్రైలో నాజిల్ నైట్రస్ ఒక్కటే చల్లుతుంది, పెట్రోలు సంగతి దాన్ని చిమ్మే కారు ఇంజెక్టర్లే చూసుకోవాలి. పెట్రోలు లైను ముట్టుకోనక్కర్లేదు, బిగించడం తేలిక. చాలామంది డ్రై వైపు మొగ్గేది ఇందుకే.

ఆ ఇంజెక్టర్లకి అంత సత్తా ఉందా అని ముందే లెక్క చూసుకోవాలి. అమెరికాలో 1999, 2000 మోడల్ హోండా సివిక్ ఎస్ఐ తీసుకోండి. 1.6 లీటర్ల ఇంజన్, 160 హెచ్‌పీ. దానికి 50 హెచ్‌పీ నైట్రస్ కలిపితే పెట్రోలు కనీసం 30 శాతం ఎక్కువ కావాలి. ఫుల్ థ్రాటిల్‌లో స్టాక్ (కారుతో వచ్చిన) ఇంజెక్టర్లు ఎటూ అంచుకు దగ్గర్లోనే ఉంటాయి, ఇంకాసేపు తెరిచి ఉంచుదామన్నా పెద్దగా చోటు లేదు. మిగిలిన దారి ప్రెషర్ పెంచడం. పాత డ్రై కిట్లలో చాలావాటి పద్ధతి అదే: నైట్రస్ ప్రెషర్‌లో కొంత పెట్రోలు ప్రెషర్‌ని అదుపు చేసే ఫ్యూయల్ రెగ్యులేటర్ మీదికి మళ్లించేవి. చిక్కేమిటంటే, ప్రెషర్ రెట్టింపు చేసినా పెట్రోలు పెరిగేది 40 శాతమే. మనకు కావలసిన 30 శాతానికి ప్రెషర్ దాదాపు 70 శాతం పెరగాలి, అంటే 43 పీఎస్ఐ ఉన్నచోట 73. పాతికేళ్ల పంపు మీద అంత భారం వేయడం నాకు ఇష్టం లేదు. ఆ కారుకి నేనైతే వెట్టే పెడతాను.

షెవ్రొలే కమారోలో వచ్చిన ఎల్ఎస్1 వి8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజన్ దగ్గర లెక్క తిరగబడుతుంది. 100 హెచ్‌పీకి కావలసిన పెట్రోలుని ఎనిమిది ఇంజెక్టర్లు పంచుకుంటాయి. పైగా దాని ప్లాస్టిక్ ఇన్‌టేక్ గాలి కోసమే చేసింది. అలాంటి దాంట్లోకి వెట్ నాజిల్ కొట్టిన పెట్రోలు వంపుల దగ్గర గాలిని వదిలేసి అడుగున చేరొచ్చు. తక్కువ ఆర్‌పీఎంలో బటన్ నొక్కితే మరీ ప్రమాదం, బ్యాక్‌ఫైర్ అయ్యిందంటే, అంటే ఆ పెట్రోలు ఇన్‌టేక్‌లోనే అంటుకుందంటే, ఇన్‌టేకే పగిలిపోతుంది. ఇలాంటి ఇంజన్‌కి ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) ట్యూన్ చేయించి డ్రై పెట్టుకోవడం మేలు. ట్యూన్‌కి డబ్బు పెట్టనంటే మాత్రం డ్రై ఊసెత్తకండి. కార్బ్యురేటర్ బండి అయితే ఈ చర్చే లేదు, కార్బ్యురేటర్ కింద బిగించే ప్లేట్ కిట్, అదీ వెట్.

వెట్‌లో నన్ను భయపెట్టేది ఒక్కటే: నైట్రస్ సోలినాయిడ్ తెరుచుకుని పెట్రోలుది తెరుచుకోకపోవడం. పంపు నీరసించినా ఫలితం అదే. ప్రెషర్ పడిపోగానే నైట్రస్ ఆపేసే ఫ్యూయల్ ప్రెషర్ స్విచ్ పెట్టించండి, పెద్ద ఖర్చేం కాదు. సోలినాయిడ్లను ఎప్పటికప్పుడు పరీక్షించుకోవడం మాత్రం మీ పనే.

మిగతావి రెండిటికీ ఒకటే. 3000 ఆర్‌పీఎం దాటాక, ఫుల్ థ్రాటిల్‌లోనే పనిచేసేలా స్విచ్‌లు. ప్రతి 50 హెచ్‌పీకి సుమారు రెండు డిగ్రీల స్పార్క్ టైమింగ్ వెనక్కి. నైట్రస్ బాటిల్ ప్రెషర్ 900 నుంచి 950 పీఎస్ఐ మధ్య. టెక్సస్ ఎండలో డిక్కీలో వదిలేస్తే అది 1000 దాటిపోతుంది, జెట్లు మాత్రం పాత లెక్కలోనే ఉంటాయి, మిశ్రమం లీన్ అయిపోతుంది, అంటే పెట్రోలు చాలదు. గేజ్ చూడకుండా బటన్ మీద వేలు పెట్టకండి.