నోటిమాటా, సంతకంతో రాతా, ఆకాశరామన్న ఉత్తరమా: పనిచోట ప్రమాదం కనిపిస్తే ఏ దారి మేలు?

పనిచోట ప్రమాదకరమైనదేదైనా కంటపడితే సూపర్‌వైజరుకు నోటితో చెప్పాలా, సంతకం చేసి రాసివ్వాలా, పేరు దాచుకుని తెలియజేయాలా అని కొత్తగా ఉద్యోగాల్లో చేరినవారు నన్ను పదేపదే అడుగుతుంటారు. చెప్పి తీరాలన్న విషయంలో వారికి సందేహం లేదు. ఎలా చెబితే పని జరుగుతుందో, తమ ఉద్యోగానికి ముప్పు రాకుండా ఉంటుందో తేల్చుకోలేకపోతున్నారు.

ముప్పు ముంచుకొస్తున్నప్పుడు నోటిమాటను మించినది లేదు. గ్యాస్ వాసన వస్తుంటే కాగితం కోసం వెతకకూడదు. పని ఆపి, పక్కవారిని అప్రమత్తం చేసి, పైవారికి చెప్పాలి. ప్రాణానికో ఆరోగ్యానికో తక్షణ, తీవ్ర ప్రమాదం ఉందని సహేతుకంగా నమ్మి పని వదిలి వచ్చిన కార్మికుడిని శిక్షించరాదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1981లో ఆమోదించిన 155వ ఒడంబడిక చెబుతోంది. అయితే నోటిమాట షిఫ్టు దాటి నిలవదు. 1988 జూలై 6న ఉత్తర సముద్రంలోని పైపర్ ఆల్ఫా చమురు వేదిక పేలుళ్లలో, మంటల్లో 167 మంది మరణించారు. ఒక పంపు భద్రతా వాల్వును మరమ్మతుకు విప్పిన సంగతి తెలియక రాత్రి షిఫ్టువారు ఆ పంపును నడిపారని విచారణలో తేలింది.

అందుకే నేను రాతవైపే మొగ్గుతాను. కానీ రాసినంత మాత్రాన సరిపోదని చాలెంజర్ వ్యోమనౌక ఉదంతం చూపుతుంది. రాకెట్ కీళ్లలో వేడి వాయువులు బయటికి రాకుండా ఆపే రబ్బరు ఓ-రింగుల లోపం ప్రాణనష్టానికి దారితీయగలదని ఇంజనీరు రోజర్ బోజొలే 1985 జూలై 31నే, ఆ రాకెట్‌ను తయారుచేసిన తన సంస్థలోని ఉపాధ్యక్షుడికి రాశారు. ప్రయోగానికి ముందురోజు రాత్రి ఆయన, సహచరులు చలి కారణంగా వద్దని వాదించినా, యాజమాన్యం వారి మాటను పక్కనబెట్టి అనుమతిపై సంతకం చేసింది. 1986 జనవరి 28న నింగికెగసిన 73 సెకన్లకే ఆ నౌక విచ్ఛిన్నమై, ఏడుగురూ మరణించారు. అంత స్పష్టమైన లేఖ కూడా పనిని ఆపించలేకపోయిందంటే, నా దృష్టిలో తేల్చవలసింది మాధ్యమం ఒక్కటే కాదు; పని ఆపించే అధికారమున్న మనిషి ఫలానా తేదీలోగా జవాబివ్వక తప్పని ఏర్పాటు ఉందా లేదా అన్నదే అసలు కొలత.

ఆకాశరామన్న ఉత్తరం ఈ కొలతకు నిలవదు, ఎందుకంటే ఏ యంత్రం, ఏ షిఫ్టు అని తిరిగి అడగడానికి అవతల ఎవరూ ఉండరు. అమెరికాలో 1976 నుంచి నాసా నడుపుతున్న విమాన భద్రతా నివేదికల వ్యవస్థ వేరు: అక్కడ పంపినవారి పేరు నిర్వాహకులకు తెలుస్తుంది, అవసరమైతే వారితో మాట్లాడతారు, ఆ తరువాతే వివరాలు తొలగిస్తారు. అటువంటి తటస్థ వ్యవస్థ ఉన్నచోట గోప్యమార్గాన్ని నిస్సంకోచంగా వాడుకోవచ్చు.

ప్రభుత్వ తనిఖీ అధికారులకు ఫిర్యాదు చేయడమనే దారి ఎప్పుడూ ఉంటుంది. లోపలి దారులు మూసుకుపోయినప్పుడు అది హక్కు కూడా.

నన్నడిగినవారికి చెబుతున్నది ఇదే: ముందు నోటితో చెప్పండి, ఆ షిఫ్టు ముగిసేలోగా అదే సంగతిని రాతలో పెట్టండి. ఏం చూశారు, ఎక్కడ, ఎప్పుడు, దానివల్ల ఏం జరగవచ్చు, జవాబు ఎప్పటిలోగా కావాలి అన్నవి అందులో ఉండాలి. ఒంటరిగా సంతకం చేయడానికి భయమైతే ఇద్దరు ముగ్గురు కలిసి చేయండి, లేదా భద్రతా కమిటీ ప్రతినిధి ద్వారా ఇప్పించండి. ఒక నకలు మీ దగ్గర ఉంచుకుని, గడువు దాటిన మరునాడే దానిని పై అధికారికి పంపండి.