నాలుగేళ్లు వాడినాక చెప్తున్నా: నా క్రోషా హుక్కులు, నూలు ఉండలు, మా వాకిట్లో పూలు

పార్సిల్ విప్పిన రోజే ఫోటో పెట్టి అయిదు స్టార్లు ఇచ్చేసిన రివ్యూలు చూసే నేనూ ఈ క్రోషా (ఒకే కొక్కెం సూదితో దారం అల్లే పని) హుక్కుల సెట్టు కొన్నా, 2021 సెప్టెంబర్‌లో, అప్పటికి నాకు చైను (ఒకదాంట్లోంచి ఒకటి లాగే ఉచ్చుల గొలుసు) వేయడం కూడా రాదు. ఇప్పటికి నాలుగేళ్లు దాటింది. వారానికి అయిదు సాయంత్రాలన్నా చేతిలో ఉంటాయి కాబట్టి ఏది నిలిచింది ఏది పోయింది అనేది ఇప్పుడు చెప్తేనే కొనేవాళ్లకి పనికొస్తుంది. మాది అనంతపురం. ముందే ఈ మాట ఎందుకంటే చలి దేశాల్లో కూర్చుని అల్లేవాళ్లు చెప్పే సలహాలు మా ఎండకి, మా చెమట చేతులకి సరిపోవు, అది నేను డబ్బులు పెట్టి తెలుసుకున్నా.

సెట్టులో తొమ్మిది హుక్కులు, 2 మిల్లీమీటర్ల నుంచి 6 దాకా, అల్యూమినియంవి, పట్టుకునే చోట మెత్తటి రబ్బరు తొడుగు. తొమ్మిదిలో నేను నిజంగా వాడింది మూడే, 2.5, 3.5, 4. మిగతావి పెట్టెలో కొత్త పెళ్లికూతుళ్ల లాగ అట్లే మెరుస్తా ఉన్నాయి. మళ్లీ కొనాల్సి వస్తే సెట్టు జోలికి పోకుండా ఆ డబ్బులతో ఈ మూడు సైజులే విడిగా మంచివి తీసుకుంటా. అందులో 2.5 అంటే నాకు ప్రాణం. బొటనవేలు ఆనే చోట రబ్బరు అరిగి చిన్న గుంట పడింది, మెడ దగ్గర రంగు పోయి తెల్లటి లోహం బయటపడింది, అయినా దాని ముక్కు మాత్రం చెక్కుచెదరలేదు. హుక్కులో చూడాల్సింది ఆ ముక్కే. మరీ వాడిగా ఉంటే దారం పోగులు చీలిపోతాయి, మొద్దుగా ఉంటే కుట్టులోకి దూరదు. షాపులో కొంటే చూపుడువేలి కొస మీద మెల్లగా గీసుకుని చూడండి, ఎక్కడా గరుకు తగలకూడదు.

3.5 ది మాత్రం రెండో ఎండాకాలంలోనే రబ్బరు వదులైపోయింది. పడమర కిటికీ పక్కన డబ్బాలో పెట్టి మర్చిపోయినా, ఏప్రిల్ మధ్యాహ్నం ఎండ నేరుగా పడి ఆ తొడుగు జిగటజిగటగా అయ్యి చేత్తో తిప్పితే తిరగడం మొదలుపెట్టింది. అమ్మినవాళ్లకి రెండుసార్లు మెసేజ్ పెట్టినా, సమాధానం లేదు. చివరికి ఆ తొడుగు పీకేసి పాత నూలు దారం గట్టిగా చుట్టేసినా, నిజానికి ఇప్పుడే పట్టు బాగుంది, చెమట పీల్చుకుంటుంది. అప్పటి నుంచి హుక్కులన్నీ స్టీలు డబ్బాలో, బీరువాలో. నెలకోసారి గిన్నెల సబ్బుతో కడిగి తుడిస్తే తలనూనె జిడ్డు కూడా పోతుంది.

వెదురు హుక్కు ఒకటి విడిగా కొన్నా. మే నెలలో చేతికి చల్లగా, జారకుండా, చాలా హాయిగా ఉంటుంది, కానీ సన్న సైజులో ఏడాదికి ముక్కు దగ్గర పేడు లేచి ప్రతి కుట్టులో దారాన్ని పట్టేస్తుంది. సన్న ఉప్పుకాగితంతో రుద్దితే ఇంకో ఆరు నెలలు నడిచింది, అంతే.

సూది అని పిలిచే స్టీలు హుక్కు సంగతి పక్కింటి అక్క వల్ల తెలిసింది. ఆమె పుట్టిల్లు ధర్మవరం, పట్టుచీరలకి క్రోషా కుచ్చులు వేస్తుంది. నేను 2 హుక్కు తీసుకుని నా చీరకే కుచ్చులు వేద్దామని కూర్చుంటే చేతిలోంచి లాక్కుని, "ఆ లావు సూదితో పట్టు ముట్టుకోవద్దమ్మా, బొక్కలు పడతాయి, పోగు లేస్తాది" అంది. తన 1 మిల్లీమీటరు స్టీలు సూది ఇచ్చి కొంగు అంచున ఎట్లా గుచ్చాలో చూపించింది. కొంగంతా పూర్తి కావడానికి నాకు పదకొండు రోజులు పట్టింది, ఆమెకి ఒకటిన్నర రోజు. నరసాపురం వైపు లేసు కూడా ఇట్లాంటి సన్న సూదితో, నూలు దారంతోనే అల్లుతారు, ఆ లేసుకి 2024లో జీఐ (ఫలానా చోటి సరుకని చెప్పే) గుర్తింపు వచ్చింది. క్రోషా అల్లికకి ఇప్పటికీ మిషన్ లేదు, మిషన్ లేసు చూడ్డానికి అట్లా ఉంటుందిగానీ అది వేరే అల్లిక. ఎవరన్నా, అల్లినామె ఒక పువ్వుకి ఇరవై రూపాయలు ఎక్కువ అడిగిందని బేరమాడితే నాకు ఇప్పుడు ఉండబట్టదు.

ఇక దారం. మొదట అందరిలాగే ఆక్రిలిక్ ఊలు కొన్నా, చవక, రంగులు బోలెడు. దుప్పటి మొదలుపెట్టినా. సంక్రాంతి దాటేసరికి సగం అయ్యింది, శివరాత్రికి చలి శివశివా అంటూ పోయింది, ఆ తర్వాత ఆ ఊలు ఒళ్లో పెట్టుకుంటే కుంపటి పెట్టుకున్నట్టే. దానికితోడు ఆక్రిలిక్ వేడికి కరుగుతుంది, వేడి గిన్నె దించుకునే గుడ్డలకి, పొయ్యి దగ్గర వాడే వాటికి దాన్ని అస్సలు వాడకండి. నేను అప్పటి నుంచి నూలే. మెర్సరైజ్డ్ అని రాసి ఉంటే ఆ నూలుని కాస్టిక్ సోడాలో ముంచి మెరుపు తెప్పించారని అర్థం, రంగు ముదురుగా పడుతుంది, కుట్టు అందంగా తేలుతుంది. కానీ నూలు సాగదు, పొరపాటు దాచిపెట్టదు, ఒక కుట్టు బిగువుగా ఒకటి వదులుగా వేస్తే అట్లే కనిపిస్తుంది. చేతికి కొంచెం కష్టం, కానీ చెయ్యి తిరిగేది దాంతోనే.

నూలులో నాకు జరిగిన పెద్ద నష్టం ఎరుపు రంగు వల్ల. ఆన్‌లైన్‌లో తెప్పించిన ముదురెరుపు ఉండతో తెల్లటి టేబుల్ గుడ్డ చుట్టూ మందారాలు అల్లి, మూడు వారాల పని, మొదటి ఉతుకుకే గుడ్డంతా గులాబీ రంగు అయిపోయింది. ఆ రోజు అన్నం కూడా తినబుద్ధి కాలేదు. ఇప్పుడు ఏ ముదురు రంగు కొన్నా జానెడు దారం తడిపి తెల్ల గుడ్డలో చుట్టి గట్టిగా పిండి చూస్తా, రంగు అంటితే దాన్ని తెలుపు పక్కన పెట్టను. ఇంకోటి, లేబుల్ మీద లాట్ నంబర్ (ఒకేసారి రంగు వేసిన ఉండలకి ఒకటే ఉంటుంది) చూసుకుని ఒక ఉండ ఎక్కువే తీసుకోండి, అదే రంగు పేరుతో నెల తర్వాత తెస్తే కొంచెం తేడా ఉంటుంది, పగటి వెలుతురులో ఇట్టే తెలిసిపోతుంది.

నేర్చుకునేవాళ్లకి ఒక్క లెక్క చెప్తా, నాకు ఇది ఎవరూ చెప్పక రెండు నెలలు పోయినాయి. గుండ్రటి మ్యాట్ చదునుగా రావాలంటే సింగిల్ క్రోషాలో (పొట్టి కుట్టు) మొదటి వరుస ఆరు కుట్లు, తర్వాత పన్నెండు, పద్దెనిమిది, ఇరవై నాలుగు, అట్లా వరుసకి ఆరు పెంచుకుంటా పోవాలి. తక్కువ పెంచితే గిన్నెలాగ పైకి లేస్తుంది, ఎక్కువ పెంచితే కుచ్చెళ్లు పడతాయి. వీడియోలు చూసేవాళ్లు అది అమెరికా పద్ధతా ఇంగ్లండు పద్ధతా అని కూడా చూసుకోవాలి, అమెరికా వాళ్ల డబుల్‌ని ఇంగ్లండు వాళ్లు ట్రెబుల్ అంటారు, తెలియకపోతే సైజు మొత్తం మారిపోతుంది.

ఇంతా చెప్పి అసలు విషయానికి ఇప్పుడు వస్తున్నా, అది పూలు. మా జిల్లా దేశంలోనే వాన తక్కువ పడే జిల్లాల్లో ఒకటి. మాకు వసంతం అంటే శివరాత్రికీ ఉగాదికీ నడుమ ఉన్న నాలుగు వారాలు, ఆ తర్వాత అంతా ఎండే. చిన్నప్పటి నుంచి ఈ ఊర్లోనే ఉన్నా, ఆ నాలుగు వారాల్లో ఏం పూస్తుందో నేను సరిగ్గా చూసిందే లేదు. క్రోషాలో పువ్వు చేద్దామని కూర్చున్నాక రెక్కలు లెక్కపెట్టాల్సి వచ్చింది, అప్పుడు చూడ్డం మొదలైంది. నూరువరహాలకి నాలుగే రెక్కలు. వేప పువ్వుకి అయిదు, అది ఎంత చిన్నదంటే 1 మిల్లీమీటరు సూదికి కూడా లొంగదు, దాన్ని వదిలేసినా. మోదుగ పువ్వు చిలక ముక్కులాగ వంగి ఉంటుంది. కానుగ పూత రాలితే రోడ్డు మీద బొరుగులు ఒలకబోసినట్టు ఉంటుంది, పొద్దున కసువు ఊడ్చేటప్పుడు విసుక్కునేదాన్ని, ఇప్పుడు ఒక గుప్పెడు తీసి పక్కన పెట్టుకుంటున్నా, ఆ తెలుపులో లేత గులాబీ ఎంత ఉందో చూడ్డానికి.

వాకిట్లో నందివర్ధనం చెట్టు ఉంది, ఒంటి వరుస రెక్కలది. నాలుగు రకాలుగా చేసినా నా పువ్వు అట్లా రాలేదు, ఏదో బటన్ లాగ వచ్చేది. ఒక పొద్దున ఒక పువ్వు కోసి బండ మీద పెట్టుకుని చాలాసేపు చూస్తే తెలిసింది, అయిదు రెక్కలూ ఒకే పక్కకి తిరిగి ఉన్నాయి, గాలికి తిరిగే కాగితం చక్రం లాగ. ప్రతి రెక్కకీ ఒక అంచు తిన్నగా, ఒక అంచు వాలుగా ఉంది. దాన్ని పట్టుకుని ఇట్లా చేసినా: మ్యాజిక్ రింగులోంచి (లాగితే బిగిసే దారం చుట్టు) ఆరు చైన్లు, హుక్కు దగ్గర నుంచి లెక్కపెట్టి నాలుగో చైనులో డబుల్ (పొడుగు కుట్టు), దాని తర్వాత హాఫ్ డబుల్ (అంతకన్నా కాస్త పొట్టిది), చివరి దాంట్లో సింగిల్, రింగులోకి స్లిప్ స్టిచ్ (కలిపే కుట్టు). అట్లా అయిదుసార్లు. రింగు బిగించి లాగినప్పుడు అయిదు రెక్కలూ ఒక్కసారిగా తిరిగి నిలబడినాయి. నేను లోపలికి పరిగెత్తి మా జేజికి (నానమ్మకి) చూపించినా. పది నిమిషాల పని అది, కానీ ఆ రోజంతా నా మొహంలో నవ్వు పోలేదని మా అమ్మ ఇప్పటికీ చెప్తుంది.

సాయంత్రం ఆరు దాటినాక మా ఇంట్లో జరిగేది ఇదే. వాకిట్లో నీళ్లు చల్లితే కడప బండల్లోంచి వేడి ఆవిరి లేస్తుంది, అది కాస్త తగ్గినాక జేజి గోడకి ఆనుకుని కూర్చుని మల్లెలు కట్టుకుంటుంది, కదిరి నుంచి వచ్చే మల్లెలు, గిద్దెతో కొలిచి పోస్తారు, నేను పక్కన హుక్కు పట్టుకుని కూర్చుంటా. పోగు కాలి బొటనవేలికి మెలేసి, రెండు మొగ్గలు ఇటు, రెండు అటు, చూపుడువేలితో ఒక చుట్టు, లాగుడు. చూడకుండానే కడుతుంది, కళ్లు వీధిలో ఉంటాయి. ఒకరోజు దారం అయిపోతే నా మెర్సరైజ్డ్ ముక్క ఇచ్చినా. నాలుగు ముళ్లు వేసి పక్కన పడేసి, "ఇది పాములాగ జారతాంది పాపా, మొగ్గ నిలవదు, ఆ మొరటుది ఇయ్యి" అంది. మెరుపు లేని మామూలు నూలు ఇస్తే గట్టిగా పట్టింది. మెరుపు నూలు ముడికి ఆగదనేది నేను రెండేళ్లకి కనుక్కున్నా, ఆమె వేళ్లకి నాలుగు ముళ్లలో తెలిసిపోయింది. ఇప్పుడు దారం కొత్తది వస్తే ముందు జేజి చేతికే ఇస్తా.

కరెంటు పోయిన రాత్రుల్లో కూడా ఈ పని ఆగదు. క్రోషాలో ఒక కుట్టు అయినాక హుక్కు మీద ఒకటే ఉచ్చు ఉంటుంది, చీకట్లో జారిపోయినా దాన్ని పట్టుకుంటే చాలు, స్వెట్టర్ సూదుల మీద అల్లే అల్లికలాగ వరుసంతా ఊడిపోదు. మే నెల రాత్రి మిద్దె మీద పడుకున్నప్పుడు చేతి తడుముతోనే చైన్లు వేసుకుంటా ఉంటా, జేజి పక్కన ఏదో ఒక పాత సంగతి చెప్తా ఉంటుంది. రోజు మొత్తంలో నాకు ఆఫీసు గుర్తురాని గంట అది.

మొన్న ఉగాదికి తోరణం కూడా అల్లినా, పద్నాలుగు మామిడాకులు, నడుమ నడుమ నందివర్ధనాలు. జేజి ఒప్పుకోలేదు, పండగకి పచ్చి మామిడాకే కట్టాలంది, అది న్యాయమే. పైన నిజం తోరణం, కింద నాది, రెండూ కట్టినాం. ఓళిగలు తినడానికి వచ్చిన చిన్నమ్మ పైదాన్ని వదిలేసి కిందదాన్ని పట్టుకుని నిలబడింది. వారానికి పైవి ఎండి గలగల అన్నాయి, నావి ఉతికి, తడి మీదే గుండుసూదులతో సాగదీసి ఆరబెట్టి మడిచి పెట్టినా. అన్నట్టు ఆ సాగదీసి ఆరబెట్టడం మానకండి, ఆకు కొస తేలేది దాంతోనే.

ఇన్నిట్లో ఎక్కువగా వాడింది ఏదంటే జేజి వక్కాకు సంచి. 2.5 హుక్కు, మామూలు నూలు, మూడేళ్లయింది, రోజూ నడుములోనే ఉంటుంది, ఎన్నిసార్లు ఉతికినామో లెక్కలేదు, సున్నం మరక ఒకటి తప్ప కుట్టు ఒక్కటి కూడా తెగలేదు. ఈ మధ్య దాని మీద కనకాంబరం కావాలంది. కనకాంబరం రెక్కలు చుట్టూ ఉండవు, విసనకర్రలాగ ఒకే పక్కకి పరుచుకుంటాయి, కాబట్టి రింగు మూసేయకుండా సగంలోనే ఆపాలి. రంగు కోసం ఒక పువ్వు తడిగుడ్డలో చుట్టుకుని టవర్ క్లాక్ దగ్గర దారాల అంగడికి పోయినా. అంగడి అన్న మూడు నారింజ ఉండలు ముందర పెట్టినాడు. ఒకటి టమాటా రంగు, ఒకటి బంతి రంగు, మూడోది పువ్వు పక్కన పెడితే కలిసిపోయింది. తడి రుమాలులో పిండి చూసినా, రంగు అంటలేదు, ఒకే లాట్‌వి రెండు తీసుకున్నా.

నిన్న రాత్రి మొదటి పువ్వు అయ్యింది. జేజి బొటనవేలితో రెక్కలన్నీ ఒకసారి తడిమి, "బాగుందిగానీ మరువం లేకుండా కనకాంబరం ఏంది పాపా" అంది. తోరణానికి మిగిలిన ఆకుపచ్చ ఉండ డబ్బా అడుగున ఉంది. ఈ సాయంత్రం మరువం మొదలుపెడతా.