పుల్ల ఐస్ అచ్చులు: చిన్నపిల్లలున్న ఇంటికి ఏ రకం కొనాలి?

ఇంట్లో పుల్ల ఐస్ చేసుకోవడానికి దొరికే అచ్చులు నాలుగు రకాలు. స్టాండులో విడివిడిగా నిలబడే గట్టి ప్లాస్టిక్ గొట్టాలు, మెత్తగా వంగే సిలికాన్ అచ్చులు, స్టీలువి, పొడవాటి పల్చని ప్లాస్టిక్ సంచులు. ఫ్రీజర్‌లో పెడితే అన్నింటిలోనూ ఐస్ గడ్డకడుతుంది, ఆ విషయంలో పెద్ద తేడా లేదు. అచ్చు మంచిదో కాదో తెలిసేది ఐస్‌ను విరగకుండా బయటికి తీసేటప్పుడు, ఆ తర్వాత అచ్చును కడిగేటప్పుడు. ఈ రెండు పనుల్నీ బట్టి చూస్తే చిన్నపిల్లలున్న ఇంటికి మొదట కొనవలసింది స్టాండులో విడిగా నిలిచే గట్టి ప్లాస్టిక్ అచ్చులే. సిలికాన్ చూడముచ్చటగా ఉంటుంది కానీ దానికి ఓపిక కావాలి.

గట్టి ప్లాస్టిక్ అచ్చుల్లో కూడా రెండు తరహాలున్నాయి. ఆరు గుంటలు కలిపి ఒకే దిమ్మగా పోసినవి కొనకండి. ఒక పిల్లవాడికి ఒక ఐస్ కావాలంటే దిమ్మ మొత్తాన్నీ గోరువెచ్చని నీళ్లలో ముంచాలి. మిగతా ఐదింటి పైపొర కరిగి, మళ్లీ ఫ్రీజర్‌లోకి వెళ్లాక గరుకుగా, పెద్ద పలుకులతో గడ్డకడుతుంది. విడి గొట్టాలైతే కావలసినది ఒక్కటే తీసుకోవచ్చు. గొట్టం నోరు అడుగుకంటే స్పష్టంగా వెడల్పుగా ఉండాలి. నడుము సన్నగా ఉన్న ఆకారం చేతిలో పట్టుకోవడానికి బాగుంటుంది కానీ, గట్టి ప్లాస్టిక్‌లో అలాంటిదాని నుంచి ఐస్ కరిగితే తప్ప బయటికి రాదు. నిలువు గాట్లు ఉంటే ఇబ్బంది లేదు, అడ్డ గాట్లు మాత్రం వద్దు.

ఈ అచ్చులు ఎక్కువగా పాలీప్రొపిలీన్‌తో చేస్తారు, అడుగున త్రికోణంలో 5 అంకె ఉంటుంది. ఈ ప్లాస్టిక్‌కు చలిలో పెళుసుతనం వస్తుంది. ఫ్రీజర్ నుంచి అప్పుడే తీసిన అచ్చు నేలమీద పడితే పగలడానికి, మెలితిప్పితే నోటి దగ్గర చీలడానికి కారణం ఇదే. ఐస్ తీయడానికి వెడల్పు గిన్నెలో చేతికి గోరువెచ్చగా తగిలే నీళ్లు, అంటే 40 డిగ్రీల దగ్గర ఉన్నవి పోసి, అచ్చును నోటికి ఒక సెంటీమీటరు కింది వరకు ముంచి 15 నుంచి 20 సెకన్లు ఉంచండి. తర్వాత పిడిని నిటారుగా పైకి లాగండి. రాకపోతే ఇంకో ఐదు సెకన్లు ముంచండి, తిప్పకండి. తిప్పితే ముందు విరిగేది పిడి, మూత కలిసే చోటు. మరిగే నీళ్లు వాడితే బయటిపొర మరీ ఎక్కువ కరిగి పలచనవుతుంది, చల్లటి ప్లాస్టిక్ బీటలు వారే ప్రమాదం కూడా ఉంది.

ప్లాస్టిక్ పిడులున్న సెట్ కొంటే, ఐస్ లోపలికి వెళ్లే భాగంలో రంధ్రాలు గానీ, పక్కలకు రంపం పళ్లలాంటి నొక్కులు గానీ ఉన్నాయేమో చూడండి. నున్నని పుల్ల అయితే ఐస్ సగం తిన్నాక, లోపల కాస్త మెత్తబడగానే మొత్తం జారి కిందపడుతుంది. రంధ్రంలోంచి ఐస్ గడ్డకట్టినప్పుడు అదే మేకులా పట్టి ఉంచుతుంది. పిడి చుట్టూ చిన్న దొప్పలాంటిది ఉంటే మూడు, నాలుగేళ్ల పిల్లల మోచేతుల దాకా రసం కారదు. పరిమాణం 60 మిల్లీలీటర్ల దగ్గర ఉంటే చాలు. 90, 100 పట్టేవి పెద్దవాళ్లకు సరిపోతాయి. చిన్నపిల్లల చేతిలో అవి తినేలోపు సగం కరిగిపోతాయి.

సిలికాన్ అచ్చుల సంగతి. ఖాళీగా ఉన్నప్పుడు ఎలా వంగుతాయో, నిండా పోసినప్పుడూ అలాగే వంగుతాయి. అందుకే పోయడానికి ముందే అచ్చును గట్టి పళ్లెం మీద పెట్టి, పళ్లెంతో సహా ఫ్రీజర్‌లోకి తీసుకెళ్లాలి. కొనేముందు ఆ పళ్లెం మీ ఫ్రీజర్ అరలో సమంగా కూర్చుంటుందో లేదో కొలుచుకోండి. వాలుగా ఉంటే ఒక పక్క పొంగి, మూతకు అంటుకుని, తెరిచేటప్పుడు ఐస్ పెచ్చులుగా ఊడుతుంది. ఐస్ తీయడానికి నీళ్లు అక్కర్లేదు. బయట ఒకటి రెండు నిమిషాలు ఉంచి, అంచులను నాలుగు వైపులా వెనక్కి ఒలిచి, అడుగు నుంచి బొటనవేలితో నెట్టాలి. పుల్ల పట్టుకుని లాగితే పుల్లే ఊడివస్తుంది. పాలు, పెరుగు, పండ్ల గుజ్జు లాంటి చిక్కని మిశ్రమాలకు సిలికాన్ బాగా కుదురుతుంది. పల్చని నిమ్మరసంతో చేసిన గట్టి ఐస్ మాత్రం వంచినప్పుడు అంచుల దగ్గర చిట్లుతుంది. చెవులు, తోకలు, సన్నని కాళ్లు ఉన్న బొమ్మల ఆకారాలు పెట్టె మీద ఫొటోలో ముద్దుగా ఉంటాయి. ఒక సెంటీమీటరు కంటే సన్నని భాగం ఏదైనా అచ్చులోనే ఉండిపోతుంది. అండాకారమో, గుండ్రని మూలలున్న పలకో తీసుకోండి.

సిలికాన్‌కు ఇంకో లక్షణం, వాసనను పీల్చుకుంటుంది. ఫ్రీజర్‌లో ఉల్లిపాయో, చేపో మూత లేకుండా ఉంటే ఆ వాసన అచ్చుకు పట్టి ఐస్‌లోకి వస్తుంది. సబ్బుతో ఎంత రుద్దినా పోదు. ప్లాస్టిక్ మూత తీసి పక్కన పెట్టి, ఓవెన్ వేడికి పనికొస్తుందని రాసి ఉన్న అచ్చు అయితే 150 డిగ్రీల దగ్గర ఒక గంట ఖాళీగా ఉంచితే చాలావరకు పోతుంది. పాల కొవ్వు పొర జిడ్డుగా మిగిలిపోకుండా వేడినీళ్లతో కడిగి, బోర్లించి పూర్తిగా ఆరాకే మూత పెట్టాలి.

స్టీలు అచ్చులు తొందరగా గడ్డకట్టిస్తాయని చెబుతారు. స్టీలు ప్లాస్టిక్ కంటే వేడిని ఎన్నో రెట్లు వేగంగా దాటనిస్తుంది, అది నిజమే. కానీ ఇంటి ఫ్రీజర్‌లో అచ్చు చుట్టూ ఉండేది గాలి, ఆ గాలే నెమ్మది. కాబట్టి లాభం కాస్తే. స్టీలు తన వేగాన్ని చూపించేది ఉప్పు కలిపిన ఐస్ ముక్కల్లో దించినప్పుడు. మూడు వంతుల ఐస్‌కు ఒక వంతు కళ్లుప్పు కలిపిన తొట్టిలో, ఫ్రీజర్‌లో పట్టే సమయంలో కొంత భాగానికే ఐస్ తయారవుతుంది. ఉప్పు ఐస్‌ను వట్టి చేతులతో ఎక్కువసేపు పట్టుకోకూడదు, చర్మం గడ్డకట్టి గాయమవుతుంది. అచ్చు నోట్లోకి ఉప్పునీరు పోకుండా చూసుకుని, తెరిచేముందు బయట మంచినీళ్లతో కడగాలి. స్టీలు గొట్టం నుంచి ఐస్ గోరువెచ్చని నీళ్లలో ఐదారు సెకన్లలోనే జారి వస్తుంది, ఇది దాని గొప్ప సుగుణం. ఒక జాగ్రత్త తప్పనిసరి: ఫ్రీజర్ నుంచి తీసిన స్టీలుకు పిల్లలు నాలుక ఆనిస్తే అంటుకుపోతుంది. అచ్చును పిల్లల చేతికి ఇవ్వకండి, ఐస్ తీశాకే ఇవ్వండి.

సంచుల గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. ఎక్కువమంది పిల్లలు వచ్చే రోజుకు అవి సులువు, గరాటుతో మూడింట రెండు వంతులు పోసి, గాలి తీసి మూస్తే సరి. అంచులు పదునుగా ఉండి పెదవి మూలల్లో కోస్తాయి కాబట్టి పైభాగాన్ని కత్తిరించి గుడ్డలో చుట్టి ఇవ్వాలి. ఒకసారి వాడి పారేసేవి కావడం నాకు నచ్చని విషయం.

చెక్క పుల్లలు వాడే అచ్చుల్లో అందరికీ ఎదురయ్యే సమస్య పుల్ల పైకి తేలడం, పక్కకు వాలడం. మూతలో సన్నని గాడి ఉండి పుల్లను బిగువుగా పట్టుకుంటే ఆ బాధ ఉండదు. లేకపోతే మిశ్రమం పోసి గంట నుంచి గంటన్నర ఫ్రీజర్‌లో ఉంచి, గుజ్జులా బిగిశాక పుల్ల గుచ్చండి. మూడింట రెండు వంతులు లోపల, మిగతాది బయట ఉండాలి. వాడిన చెక్క పుల్లలను కడిగి మళ్లీ వాడకండి, తేమ, పాల కణాలు లోపలే ఉండిపోతాయి.

ఏ అచ్చయినా పైన ఒక సెంటీమీటరు దాకా ఖాళీ వదలాలి. నీరు గడ్డకట్టేటప్పుడు దాదాపు 9 శాతం ఉబ్బుతుంది. నిండా పోస్తే మూతను ఎత్తేస్తుంది. అచ్చు మీద గీత లేకపోతే మార్కర్‌తో బయట గీసుకోండి, పిల్లలే పోస్తారు. ఫ్రీజర్ మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉంటే ఐస్ పట్టడానికి నాలుగు నుంచి ఆరు గంటలు. రాత్రంతా ఉంచితే అనుమానం ఉండదు.

ఇక అచ్చు మీద నింద పడే చాలా తప్పులకు అసలు కారణం మిశ్రమంలో పంచదార మోతాదు. మొత్తం బరువులో పంచదార 15 నుంచి 20 శాతం మధ్య ఉంటే ఐస్ కొరకడానికి వీలుగా వస్తుంది. 10 కంటే తగ్గితే రాయిలా గట్టిపడి అచ్చును పట్టుకుంటుంది. 28 దాటితే గట్టిపడదు, లాగగానే పుల్ల ఒట్టిగా వస్తుంది. చల్లదనంలో నాలుకకు తీపి తక్కువగా తెలుస్తుంది కాబట్టి, రుచి చూసినప్పుడు తాగడానికి కాస్త ఎక్కువ తీపి అనిపించాలి. నిమ్మరసం ఐస్‌కు అర లీటరు నీళ్లు, 100 గ్రాముల పంచదార, 60 మిల్లీలీటర్ల నిమ్మరసం. పుచ్చకాయ గుజ్జు అరకిలోకు 50 గ్రాములు కలిపితే సరిపోతుంది, పండులో సొంత తీపి 8 శాతం వరకు ఉంటుంది. పండిన మామిడి గుజ్జు 400 గ్రాములకు 100 మిల్లీలీటర్ల నీళ్లు, 30 గ్రాముల పంచదార చాలు.

వట్టి పండ్లరసంతో చేసిన ఐస్‌ను నాలుగుసార్లు చప్పరించగానే రంగు, రుచి పోయి తెల్లటి మంచుకడ్డీ మిగులుతుంది. నెమ్మదిగా గడ్డకట్టేటప్పుడు నీరు పెద్ద పలుకులుగా విడిపోయి, తీపి రసం వాటి మధ్య చేరుతుంది. నోట్లో పెట్టగానే అదే ముందు బయటికి వస్తుంది. వడకట్టకుండా గుజ్జు ఉంచితే, లేదా సగం అరటిపండు కలిపి రుబ్బితే ఈ సమస్య చాలా తగ్గుతుంది. పాల ఐస్‌కు అర లీటరు పాలలో ఒక పెద్ద చెంచా కార్న్‌ఫ్లోర్ ఉడికించి, పూర్తిగా చల్లార్చి పోయండి.

పిల్లలతో కలిసి చేయడానికి పొరల ఐస్ మంచి పని. మొదటి రంగు పోసి 40 నుంచి 60 నిమిషాలు ఉంచి, పైన పల్చగా బిగిసినా వేలు పెడితే దిగేలా ఉన్నప్పుడు పుల్ల గుచ్చి రెండోది పోయాలి. మొదటిది పూర్తిగా గట్టిపడ్డాక పోస్తే రెండు పొరలూ అతుక్కోవు, తీసేటప్పుడు పైది ఊడివచ్చి కిందిది అచ్చులో మిగులుతుంది. రెండో రసం ఫ్రిజ్‌లో చల్లబడి ఉండాలి, లేకపోతే కింది పొర కరిగి రంగులు కలిసిపోతాయి. పండ్ల ముక్కలు వేయాలంటే ముందు అరగంట పంచదార పాకంలో నాననివ్వండి, లేకపోతే పళ్లకు రాళ్లలా తగులుతాయి. ఐదేళ్లలోపు పిల్లలకు ద్రాక్షను నిలువుగా నాలుగు ముక్కలు చేయాలి. ఏడాది నిండని పసివాళ్లకు తేనె కలిపినది ఇవ్వకూడదు.

అచ్చులు ఆరే ఉండి ఐస్‌లు ఎక్కువ కావాలంటే, పట్టినవాటిని తీసి నూనె కాగితం పరిచిన పళ్లెం మీద అరగంట ఫ్రీజర్‌లో ఆరనిచ్చి, ఒక్కొక్కటిగా కాగితంలో చుట్టి గాలి చొరని డబ్బాలో పెట్టండి. రెండు మూడు వారాలు రుచి చెడదు. బయట కరిగిన పాల ఐస్‌ను మాత్రం మళ్లీ గడ్డకట్టించకుండా పారేయాలి.