ఏళ్లుగా పెంచుతున్న గరిక లాన్: నా సమీక్ష

ఇంటి ముందు లాన్ వేద్దామని నర్సరీకి వెళ్తే ముందు చూపించేది మెక్సికన్ గ్రాసే. దట్టంగా, మెత్తగా ఉండి చూడగానే నచ్చేస్తుంది. మా ఇంట్లో కొన్నేళ్లుగా ఉన్నది మాత్రం గరిక. పొలం గట్ల మీద, చెరువు కట్టల మీద ఎవరూ వేయకుండానే పెరిగే ఆ గరికే. ఎండాకాలంలో బోరు సన్నగిల్లే హైదరాబాద్ శివార్లలో, ఎండ బాగా పడే జాగాకు ఇంతకు మించిన గడ్డి లేదని నా గట్టి నమ్మకం.

గరిక వేస్తున్నామని విని మా అమ్మ విస్తుపోయింది. "చేలో దాన్ని పీకలేక నడుములు పడిపోయాయి, నువ్వు ఇంటికి తెచ్చుకుంటావుట్రా?" అంది. ఆమె బాధ నిజమే. గరికకు నేల మీద పాకే తీగలు, నేలలోపల పాకే కాండాలు రెండూ ఉంటాయి. నాగలి తగిలి ముక్కలైతే కణుపు ఉన్న ప్రతి ముక్కా మళ్లీ మొలకెత్తుతుంది. రైతును ఏడిపించే ఆ గుణమే లాన్‌కు బలం. పిల్లలు ఆడి తొక్కేసినచోట కూడా చుట్టుపక్కల నుంచి పాకి తనే కప్పేసుకుంటుంది.

తొలకరి పడ్డాక వేశాం. అంతకుముందు నేల తవ్వించి తుంగ గడ్డలు ఏరించాం. ఈ పనికి బద్ధకించవద్దు, తుంగ ఒకసారి గరికలో కలిసిందంటే విడదీయడం నరకం. కొంత భాగంలో కణుపులున్న తీగ ముక్కల్ని జానెడు లోపు ఎడంతో నాటించాం. మిగతా చోట తీగల్ని చిన్నగా తరిగి, మట్టి, పచ్చి పేడ, నీళ్లతో కలిపి నేల మీద పూత పూసినట్టు పరిపించాం. పూత పూసినచోట ముందుగా, సమంగా అల్లుకుంది. కాకపోతే పచ్చబడేదాకా తడి ఆరనివ్వకూడదు. అందుకే వానాకాలమే దీనికి సరైన అదను.

అసలు పరీక్ష ఏప్రిల్, మే నెలల్లో. ట్యాంకర్ నీళ్లు ఇంటి అవసరాలకే చాలక ఒక వేసవిలో లాన్‌కు తడి పెట్టడం పూర్తిగా మానేశాం. గడ్డి ఎండి గోధుమ రంగుకు తిరిగింది. లోపలి కాండాలు మాత్రం బతికే ఉన్నాయి, వానలు మొదలవగానే కొత్త చిగుళ్లు లేచాయి. ఆ ఏడాది పక్కింటి మెక్సికన్ గ్రాస్ చాలాచోట్ల మచ్చలుగా పోయింది.

నీడ దీనికి గిట్టదు. మామిడి చెట్టు కింద పలచబడి, సాగి, చివరికి మట్టి తేలింది. రోజుకు ఆరు గంటలైనా నేరుగా ఎండ పడని చోట గరిక వేయకండి. డిసెంబరు, జనవరి చలికి పెరుగుదల ఆగి రంగు కూడా వెలుస్తుంది. అప్పుడు యూరియా చల్లినా లాభం లేదు, ఫిబ్రవరి దాకా వదిలేయడమే.

వానాకాలంలో వారం వారం కోయాలి. మేం మూడు, నాలుగు సెంటీమీటర్ల ఎత్తులో ఉంచుతాం. బాగా పెరగనిచ్చి ఒక్కసారే కిందికి కోస్తే పచ్చదనం పోయి పుల్లలు మిగులుతాయి. ఇంట్లో ఆస్తమా, తుమ్ముల బాధ ఉన్నవాళ్లుంటే అసలు వెన్ను (పూల కంకి) వేయనివ్వొద్దు, గరిక పుప్పొడి చాలామందికి పడదు. కూరగాయల మడులకు, లాన్‌కు మధ్య జానెడు లోతుకు పైగా దిగేలా రాళ్లు పాతాం. అయినా పైనుంచి దాటే తీగల్ని చూసినప్పుడల్లా తెంచుతూనే ఉండాలి.

మన దేశంలో క్రికెట్, గోల్ఫ్ మైదానాల్లో కనిపించే సన్నాకు గడ్డి చాలావరకు ఈ జాతి నుంచి వచ్చిందే. గరికను ఆఫ్రికాలోని మరో జాతితో సంకరం చేసి అమెరికాలోని టిఫ్టన్‌లో టిఫ్‌గ్రీన్, టిఫ్‌వే లాంటి రకాలు తీశారు. వాటికి మొలిచే విత్తనం రాదు, తీగలతోనే నాటాలి. అందంలో అవి ముందే, కానీ కోత, ఎరువు, నీళ్ల ఖర్చు కూడా ఎక్కువే. ఇంటి వాడకానికి నాటు గరిక చాలు.

వినాయక చవితి ముందురోజు సాయంత్రం మా వీధివాళ్లు గరిక కోసం మా ఇంటికే వస్తారు. పూజకు రెండు పోచల లేత కొసలు కావాలి కాబట్టి వాళ్ల కోసం ఒక మూల చవితికి ముందు పదిహేను రోజులూ మెషిన్ పెట్టం. మందులు కొట్టని గరిక అని అడిగి మరీ కోసుకెళ్తారు.